అక్తోస్‌కి వేసిన పాలపన్ను

నేను అనుమానపు మనిషిని. కాపురానికి వచ్చిన నెలలోనే మా అత్తగారు ఆ సంగతి కనిపెట్టింది. "ఈ పిల్ల టీలో పాలు పోసి ఇచ్చినా ముందెళ్ళి ఒంటెని చూసొస్తుంది" అని నలుగురిలో అంది. అందులో అబద్ధమేమీ లేదు. దారం చివర నేను రెండు ముళ్ళు వేస్తాను, ఒకటి ఊడిపోతుందేమోనని. ఎవరైనా నన్ను చూసి ఊరికే నవ్వితే, ఎందుకు నవ్వారో తేలేదాకా నాకు తిండి సయించదు. అలాంటిదాన్ని, ఎనభై నాలుగు వేసవిలో మా ఆయన ఒంటి మీద చేపల వాసన వస్తే ఊరుకుంటానా?

మాది చేపల ఊరే. చేపలే లేవు. నదుల నీళ్ళన్నీ పత్తి చేలకు మళ్ళించాక అరల్ సముద్రం మా రేవుని వదిలి వెనక్కి వెనక్కి పోయింది. ఆ ఏడాదికి యాభై కిలోమీటర్ల అవతల ఎక్కడో ఉందని చెప్పుకునేవాళ్ళం. అది వదిలిన ఖాళీలో ఉప్పు, ఉప్పులో కూరుకుపోయిన పడవలు. నేను పనిచేసే చేపల డబ్బాల ఫ్యాక్టరీకి సరుకు ఎక్కడో మహాసముద్రంలో పట్టి, గడ్డ కట్టించి, రైల్లో పంపేవారు. ఆ చేపకి వాసన ఉండదు. కోస్తుంటే కట్టె కోసినట్టు ఉంటుంది. మా ఆయన చొక్కా మీద వచ్చింది ఆ చేప వాసన కాదు, బతికిన నీళ్ళ వాసన.

మా ఆయన పేరు ఒరాజ్. మాలో మొగుడి పేరూ, అత్తింటి మగవాళ్ళ పేర్లూ కోడలు పలకదు. మరిదికి కూడా నేనే 'చిన్నదొర' అని ఒక పేరు పెట్టుకుని పిలిచేదాన్ని. పదకొండేళ్ళ కాపురంలో ఒరాజ్ అన్న పేరు ఎదురుగా పలికింది ఒక్కసారే. ఇప్పుడు ఎదురుగా లేడు కాబట్టి ఎన్నిసార్లయినా రాస్తాను.

మే నెలలో ఒక సాయంత్రం సజాన్ చేప ఒకటి తెచ్చి బల్ల మీద పెట్టాడు. మోచేయంత పొడవు. మొప్పలెత్తి చూశాను, ఎర్రగా ఉన్నాయి.

"ఎక్కడిది?"

"నది వైపు నించి లారీవాడొచ్చాడు. ఇచ్చాడు."

"ఊరికే ఇచ్చాడా?"

"ఓ పెట్టె సిగరెట్లిచ్చాను."

"నువ్వు సిగరెట్లు మానేసి రెండేళ్ళయింది."

తేలు కుట్టిన దొంగలా చేతులు కడుక్కోవడానికి పెరట్లోకి పోయాడు. నది ఒక రోజు ప్రయాణం. ఆ ఎండలో ఒక రోజు లారీలో వచ్చిన చేప మొప్పలు ఎర్రగా ఉండవు. ఆ మాత్రం తెలియని ఆడది మా ఊళ్ళో లేదు.

సిగరెట్లు మానేసింది మా షినార్ కోసం. పొగ పడేది కాదు దానికి. ఉప్పుగాలి కూడా పడలేదు. రెండేళ్ళ క్రితం వసంతంలో పోయింది, ఐదేళ్ళ పిల్ల. అంతకు మించి ఆ సంగతి నేను చెప్పలేను. ఆ తర్వాత ఒరాజ్ గోడకి వీపు ఆనించి కూర్చునేవాడు, పిలిస్తే లేచేవాడు, పెడితే తినేవాడు. అలాంటి మనిషి ఆ మే నెలలో, పెరట్లో చేతులు కడుక్కుంటూ, ఈల వేశాడు.

చేప కంటే నాకు ఆ ఈల మీదే ఎక్కువ అనుమానం వచ్చింది.

జూన్‌లో చొక్కా ఉతుకుతుంటే మోచేతి దగ్గర అతుకు కనిపించింది. ముతక ఉన్ని గుడ్డ. అది నేను వేసింది కాదు. వేసింది కాదని ఎంత గట్టిగా తెలుసో, ఆ కుట్టు నాదేనని కూడా అంత గట్టిగా తెలుసు. నాది ఎడంచేతి వాటం. చిన్నప్పుడు మా అమ్మ గరిటె తిరగేసి కొట్టినా పోలేదు. అందరి కుట్లూ ఒక వైపు వాలితే నావి రెండో వైపు వాలతాయి. ఈ అతుకు కుట్లు నా వైపే వాలి ఉన్నాయి. చివర రెండు ముళ్ళు.

సవతి ఉందన్నమాట. ఆ సవతికి ఎడంచేతి వాటం, పైగా నాలాగే అనుమానం.

"అపా, మన చుట్టుపక్కల ఎడంచేతి ఆడది ఎవరన్నా ఉందా?" అని అత్తగారిని అడిగాను. అపా చల్ల చిలుకుతోంది.

"ఒకదాన్ని భరించడానికే నా ప్రాణం చాలట్లేదు. రెండోదాన్ని ఎక్కణ్ణించి తేను?"

"నవ్వులాట కాదపా."

"నేను నవ్వుతున్నానా?" అంది. నవ్వట్లేదు. నా కళ్ళలోకి చూడట్లేదు కూడా.

ఫ్యాక్టరీలో పది రోజులు ఎవరు ఏ చేత్తో కత్తి పట్టుకుంటున్నారో చూశాను. రౌషన్ అనే ఆవిడ ఎడంచేత్తో కోస్తోంది. మొగుడు లేని మనిషి, నవ్వు ముఖం. నాకు ఒళ్ళు మండింది. రొట్టె ఇచ్చే నెపంతో వాళ్ళింటికి వెళ్ళి, గుమ్మంలో చెప్పుల దగ్గర్నించి పరుపుల దొంతర దాకా అన్నీ చూసి వచ్చాను. కుడి బొటనవేలు తెగి కట్టు కట్టుకుంది పాపం. మర్నాడు అదే వేలితో నాకు గిన్నె నిండా వేయించిన బూరెలు పంపింది. సిగ్గుతో తిన్నాను.

జూలైలో ఇంకో సజాన్ వచ్చింది, వార్తాపత్రికలో చుట్టి. అది మా జిల్లా పత్రికే. అదే పేరు, అదే అచ్చు, అదే నాటి తేదీ. నేను చేప అక్కడే వదిలేసి, పొద్దున పోస్టుమనిషి పడేసి వెళ్ళిన మా పత్రిక తెచ్చి పక్కన పరిచాను. మా దాంట్లో మొదటి పేజీ అంతా పత్తి, ఎన్ని వేల టన్నులు, ఎవరెవరికి పతకాలు. చేప నెత్తురు అంటిన దాంట్లో మా రేవులో కొత్త దీపస్తంభం ప్రారంభం. కింద చిన్న అక్షరాల్లో, ఆగస్టు నుంచి నూలు బట్టకి కూపన్లు తప్పనిసరి అని. ఇంకో మూల, నదుల నీళ్ళు మళ్ళించే పథకాన్ని పక్కన పెట్టి పాతికేళ్ళయిన సందర్భంగా జాలర్ల సంఘం సభ.

నాలుగుసార్లు చదివాను. పక్కన పెట్టడమేమిటి? ఆ కాలవల మట్టి మోసే మా నాన్న నడుం విరగ్గొట్టుకున్నాడు.

ఎవరో నాకు పిచ్చెక్కించడానికి అచ్చు వేయించారనుకున్నాను. తర్వాత, ఒక మనిషికి పిచ్చెక్కించడానికి అంత ఖర్చు ఎవరు పెడతారనుకున్నాను. అలాంటి కాగితం ఇంట్లో దొరికితే అడిగేవాళ్ళు వచ్చి అడిగే రోజులవి. పిండి డబ్బా అడుగున దాచేశాను. అపా పక్క గదిలోంచి చూసింది. చూసి, కిక్కురుమనకుండా మళ్ళీ పడుకుంది. ఆ ఇంట్లో నాకు తప్ప అందరికీ ఏదో తెలుసు.

ఆ వారమే చిన్నదొర వచ్చాడు. పడవలు కోసి ఇనుము రైలుకెక్కించే ముఠాకి ఆయనే పెద్ద. ఒరాజ్ ఆయన కిందే పని. చిన్నదొర నోట్లో నువ్వుగింజ నానదు. టీ గిన్నె చేతిలోకి రాకముందే మొదలెట్టాడు.

"వదినా, ఏమీ అనుకోకు. అన్నయ్య రాగి దాస్తున్నాడా?"

"ఏం రాగి?"

"పద్నాలుగో నంబరులో. నాన్న పడవ ఉందే, అది. అందరం ఓ చోట కోస్తుంటే ఆయన ఒక్కడూ అందులోకి దిగుతాడు. మూతేసుకుంటాడు. మూడు గంటలకి గానీ రాడు. అడిగితే కొలతలంటాడు. మూడు గంటలు కొలవడానికి అదేమన్నా ఓడా?"

"నువ్వు దిగి చూడలేకపోయావా?"

"చూశా. ఎవరూ లేరు. బయటికొచ్చా. ఇంకో గంటకి ఆయన అందులోంచే ఎక్కాడు." టీ ఊదుకున్నాడు. "నాకేదో తేడాగా ఉంది వదినా. ఆ పడవని ఆఖర్న ఉంచమని బతిమాలుతున్నాడు. ఉంచుతా. కానీ సెప్టెంబర్ ఇరవైకి రైలు పెట్టెలొస్తాయి. ఆ పొద్దున అదీ పోవాల్సిందే."

ఆయన వెళ్ళాక అపాని చూశాను. "మీకేమన్నా తెలుసా?" అన్నాను. "ముసలిదాన్ని, నాకేం తెలుసు?" అంది. మా అపా ముసలిదాన్నని ఒప్పుకున్నది జన్మలో అదే మొదటిసారి.

ఆగస్టులో ఒక తెల్లవారుజామున నీళ్ళకి లేచాను. పెరట్లో ఒరాజ్ గొంతుక్కూర్చుని ఉన్నాడు. ఎదురుగా మా ముసలి కుక్క అక్తోస్. అరచేతిలో ఏదో పెట్టి దాని నోటికి అందిస్తూ, మెల్లిగా అంటున్నాడు: "చెడ్డది తీసుకో, గట్టిది ఇవ్వు."

ఆ మాటలు పిల్లలున్న ఇళ్ళలోనే వినిపిస్తాయి. పిల్లకి పాలపన్ను ఊడితే గొర్రె తోక కొవ్వులో చుట్టి, ఆ మాటలని ఇంటి కుక్కకి వేస్తాం, కుక్క పళ్ళంత గట్టివి వస్తాయని. మా షినార్‌కి ఒక్క పన్ను ఊడకముందే...

పరిగెత్తుకెళ్ళి అక్తోస్ దవడలు పట్టుకున్నాను. అది గుర్రుమంది. వేలు పెట్టి లాగితే కొవ్వు ముద్ద బయటికొచ్చింది. అందులో బియ్యపు గింజ కంటే కాస్త పెద్దగా, ముందరి పాలపన్ను.

"ఎవరి పిల్ల?" అన్నాను.

ఒరాజ్ నేల మీద కూర్చుండిపోయాడు. "నజీపా, సాయంత్రం చెప్తాను."

"ఎవరి పిల్లని అడిగాను."

"సాయంత్రం."

సవతి మాత్రమే కాదు, సవతికి ఆరేళ్ళో ఏడేళ్ళో పిల్ల. అంటే నా పిల్ల ఒళ్ళో ఉండగానే. ఇంకో సంగతి కూడా అప్పుడే తట్టింది. తోక కొవ్వు మా ఇంట్లో అపా పెట్టెలో, తాళం కింద ఉంటుంది. తాళం చెవి ఆవిడ మెళ్ళో. కొడుక్కి ఆవిడే ఇచ్చింది. అంటే అత్తగారికీ తెలుసు. నవ్వుతూ నా చేతి టీ తాగుతూ, అక్కడొక మనవరాలిని పెంచుతోంది. అనుమానం పెనుభూతం అంటారు గానీ, భూతమైతే ఉన్నట్టుండి పోతుంది. నా కళ్ళ ముందున్నది పన్ను.

నేను సాయంత్రం దాకా ఆగలేదు. అతని వెనకే బయల్దేరాను.

పాత రేవు దాటాక అరగంట నడక. ఉప్పు పెళ్ళలు కాలి కింద విరిగే చప్పుడు అతనికి వినపడకుండా దూరంగా నడిచాను. పద్నాలుగో నంబరు పక్కకి ఒరిగి ఉంది. అతను ఎక్కాడు, అడుగు గది మూత తీశాడు, దిగాడు, మూత వేసుకున్నాడు. నేను నీడలో కూర్చున్నాను. చాలాసేపటికి ఎక్కి మూత తీశాను. ఖాళీ. తుప్పు, ఇసక, మూలనొక పాత తాడు. ఇంకో దారి లేదు. నాలుగు గోడలూ అరచేత్తో తడిమాను. మళ్ళీ పైకొచ్చి మూత పక్కనే కూర్చున్నాను, ఎలక కన్నం ముందు పిల్లిలా.

మధ్యాహ్నం దాటాక మూత కదిలింది. ఒరాజ్ తల బయటికొచ్చింది. నన్ను చూసి ఆగిపోయాడు. మోకాళ్ళ దాకా తడిసి ఉన్నాడు. పంట్లాం అంచు నుంచి నీళ్ళు కారుతున్నాయి. ఆ చుట్టుపక్కల గుక్కెడు నీళ్ళు లేవు.

"ఎవత్తది?" అన్నాను.

"నువ్వే."

చెంప మీద కొట్టాను. "అబద్ధం చెప్పడానిక్కూడా ఓ పద్ధతుండాలి!"

"ఆవిడ కూడా కొట్టింది," అన్నాడు చెంప తడుముకుంటూ. "మొదటి రోజు. ఎడంచేత్తోనే."

అప్పుడు చెప్పాడు. మార్చిలో మోటారు విప్పడానికి దిగాడట. గాలికి మూత పడింది. చీకట్లో కూర్చుంటే చెవులు మూసుకుపోయాయి. మూత తోసుకుని పైకొస్తే చుట్టూ నీళ్ళు, పడవ లంగరు మీద ఊగుతోంది. మూత వేసి చెవులు మూసుకుపోయేదాకా ఆగితే అటు. వెంటనే తీస్తే ఇటే. ఎందుకలా అంటే తనకి తెలియదన్నాడు. అక్కడ కాలవలు తవ్వలేదు. సముద్రం ఉన్నచోటే ఉంది. పత్తి లేదు, జనం ఉన్ని కట్టుకుని చెమట కక్కుతారు. అక్కడి ఒరాజ్ పోయినేటి తుఫానులో వేరే పడవ మీద వెళ్ళి తిరిగి రాలేదు, శవం దొరకలేదు. అక్కడి అపా ఆ బెంగతో నెల తిరగకుండా పోయింది. అక్కడి నజీపా వారానికి రెండుసార్లు ఈ పడవ మీద వలలు ఆరబెట్టుకోవడానికి వస్తుంది, పిల్లని వెంటేసుకుని.

"ఏ పిల్ల?" అన్నాను. అప్పటికే తెలుసు.

"అక్కడ ఉప్పుగాలి లేదు, నజీపా. పన్ను ఊడింది. వాళ్ళ అక్తోస్ చచ్చిపోయిందట, పన్ను ఎవరికెయ్యాలని ఒకటే ఏడుపు. నాకు తెలిసిన కుక్కుందన్నాను."

నేను ఏడ్చానో లేదో గుర్తులేదు. "అపాకి ముందు చెప్పావు. నాకు చెప్పలేదు," అన్నానని మాత్రం గుర్తుంది.

"నీకు చెప్తే నువ్వు పిల్లని తెచ్చేసుకుంటావని భయపడ్డాను."

"తెచ్చుకోనని అన్నానా?"

"చూశావా," అన్నాడు.

నాలుగు రోజులు అతనితో మాట్లాడలేదు. ఐదో రోజు ఇంట్లో ఉన్న అన్నింటిలోకీ పెద్ద శాలువా, పువ్వుల నూలు శాలువా, భుజాన వేసుకుని, గుప్పెడు పటికబెల్లం కొంగున కట్టుకుని, "నన్ను తీసుకెళ్ళు" అన్నాను. అడుగు గదిలో చీకట్లో పక్కపక్కన కూర్చున్నాం. పెళ్ళైన కొత్తలో తప్ప అంత దగ్గరగా ఎప్పుడూ కూర్చోలేదు. చెవులు మూసుకుపోయాయి. అతను మూత తోశాడు.

ముందు చప్పుడు వచ్చింది, నీళ్ళు పడవని కొట్టే చప్పుడు. పదిహేనేళ్ళుగా వినలేదు. రేవులో తెల్లగా దీపస్తంభం, పత్రికలో చదివిందే.

ఆమె వలల పక్కన నిలబడి ఉంది. అద్దంలో చూసుకున్నట్టు ఉంటుందనుకున్నాను గానీ, అలా లేదు. అద్దంలో మనిషి నన్ను చూసి భయపడదు. నా కంటే రంగు తేలి ఉంది, బుగ్గలున్నాయి, కళ్ళ కింద మాత్రం నా నలుపే. నడుముకి చేపలు కోసే కత్తి. పక్కన షినార్. ఏడేళ్ళ షినార్ ఎలా ఉంటుందో రెండేళ్ళుగా రోజూ ఊహించుకున్నాను. ఒక్కటీ సరిగ్గా ఊహించలేదు. ముందు పన్ను లేదు. జడలు పొడుగయ్యాయి. ఎడంచేత్తో వల తాడు పట్టుకుంది.

అది నన్ను చూసింది, వాళ్ళమ్మని చూసింది, మళ్ళీ నన్ను చూసింది. పటికబెల్లం తీసి చెయ్యి చాచాను. రాలేదు. వాళ్ళమ్మ పావడా వెనక్కి వెళ్ళి ఒక్క కన్నుతో చూసింది. అనుమానం మా వంశంలోనే ఉంది.

"అంత పెద్ద శాలువా ఎందుకు తెచ్చావు?" అని అడిగింది ఆమె. గొంతు నాదే.

"చలేస్తుందేమోనని."

"ఆగస్టులోనా? పిల్లని చుట్టుకుపోవడానికి."

నన్ను పుట్టినప్పట్నించీ ఎవరూ అంత సూటిగా పట్టుకోలేదు.

"నీ నడుముకి ఆ కత్తెందుకు?" అన్నాను.

"చేపలు కొయ్యడానికి."

"ఇక్కడ ఒక్క చేపైనా లేదే. అబద్ధం."

"అబద్ధమే," అంది.

ఒరాజ్ మా మధ్య నుంచి తప్పుకుని లంగరు తాడుతో ఏదో పని కల్పించుకున్నాడు. ఎక్కడైనా మగవాళ్ళు అంతే.

"ఆయన్ని ఇమ్మని నేను అడగలేదు," అంది ఆమె. "మూతలోంచి వచ్చింది ఆయన. పిల్ల 'నాన్న' అంది. నేను ఉప్పూ రొట్టే తినిపించి, పాదాలు చూసి, దెయ్యం కాదని తేలాకే దగ్గరికి రానిచ్చాను."

"నువ్వు అడగవు. నాకు తెలుసు."

"పోయినవాడు తిరిగొచ్చాడంటే ఊరు నాలుగు రోజులు వింతగా చెప్పుకుంటుంది, ఐదో రోజు వలకి పిలుస్తుంది. అదేమీ కష్టం కాదు. ఈ రెండు చోట్ల తిరగడమే కష్టంగా ఉంది. పిల్ల రోజూ పడవెక్కి చూస్తుంది, నాన్న వచ్చాడా అని. రాని రోజు అన్నం తినదు."

"నేనూ ఇక్కడే ఉండిపోతే?" అన్నాను. అడగకుండా ఉండలేకపోయాను.

"ఒకే ఇంట్లో ఇద్దరు నజీపాలా? వారం తిరక్కుండా నా టీలో నువ్వేదో కలిపావంటాను."

"నేను మూడో రోజే అంటాను."

ఇద్దరికీ నవ్వొచ్చింది. నవ్వుతుంటే నాకు దగ్గు వచ్చింది. మా వైపు అందరికీ ఉండే ఉప్పు దగ్గు. చాలాసేపు ఆగలేదు. ఆమె నవ్వు ఆపేసింది.

"ఎన్నాళ్ళ నించి ఆ దగ్గు?"

"మా వైపు అందరికీ ఉంటుంది."

ఆమె పావడా వెనకున్న పిల్ల తల మీద చెయ్యి వేసింది. నేను భుజం మీంచి శాలువా తీసి, నాలుగు మడతలు పెట్టి, వలల మీద ఉంచాను. "నూలుది. పిల్లకి గౌను కుట్టు. మీకు దొరకదటగా," అన్నాను. ఆమె అంచు పట్టుకుని వేళ్ళతో నలిపి చూసింది. కొత్త గుడ్డ చూస్తే నేనూ అలాగే చేస్తాను.

మూత దగ్గరికి వెళ్ళాక పిల్ల గొంతు వినిపించింది. "అమ్మా, ఆవిడ నీలా ఎందుకుంది?" ఆమె ఏం చెప్పిందో నాకు వినపడలేదు.

తర్వాత నెల రోజులూ ఒరాజ్ మళ్ళీ ఈల వేయలేదు. వెళ్ళేవాడు, వచ్చేవాడు, తేదీ లెక్కపెట్టుకునేవాడు. ఏ మాటా తేల్చడు. అతనికి తేల్చడం రాదు. పెళ్ళి చూపుల్లో కూడా నేను ఒప్పుకున్నాకే ఒప్పుకున్నాడు. నేను మాత్రం రోజూ అతని ముఖం తరిచి చూసేదాన్ని, వెళ్ళిపోతాడేమోనని. ఒక రోజు చూస్తుండగా తెలిసింది, నా భయం అది కాదు. ఇతను వెళ్ళిపోడు. నన్నూ, వాళ్ళమ్మనీ వదిలి వెళ్ళిపోయే ధైర్యం లేదు. పడవ కోసేశాక వచ్చి ఆ గోడకి వీపు ఆనించి కూర్చుంటాడు, బతికున్నన్నాళ్ళూ. అక్కడ పిల్ల పడవెక్కి ఎదురుచూస్తుంటుంది.

పంతొమ్మిదో తారీఖు పొద్దున అతను గుమ్మంలో చెప్పులు వేసుకుంటూ, "రేపు పొద్దున కోస్తారు. ఇవాళ ఆఖరుసారి. చెప్పేసి వచ్చేస్తాను," అన్నాడు.

"సాయంత్రానికి వస్తావా?"

"రానంటావా? ఇంకా అనుమానమేనా?"

"లేదు. వస్తావు," అన్నాను.

రొట్టె మూట కట్టిచ్చాను. అపా మంచం దిగి వచ్చి, చిన్న పిల్లాణ్ణి చేసినట్టు కొడుకు మెడ వాసన చూసింది. అతను ఇబ్బందిగా నవ్వాడు. బయల్దేరాడు. కంచె దాటాడు.

"ఒరాజ్!" అని పిలిచాను.

ఉలిక్కిపడి తిరిగాడు. ఆ పేరు నా నోట్లోంచి వస్తే అతనికి ఇంకెవరినో పిలిచినట్టుంది. "ఏంటి?"

"ఏం లేదు. నీళ్ళ మీద గాలేస్తుంది. కోటు గుండీ పెట్టుకో."

పెట్టుకున్నాడు. వెళ్ళాడు.

మధ్యాహ్నం చిన్నదొర దగ్గరికి వెళ్ళాను. "పద్నాలుగో నంబరు రేపు కాదు, ఇవాళ కొయ్యండి," అన్నాను.

"అన్నయ్య ఏమంటాడో."

"ఆయనకి చెప్పాను. పట్నం వెళ్ళాడు. చూస్తుండగా కోస్తే తట్టుకోలేనన్నాడు."

అబద్ధం అంత తేలిగ్గా వస్తుందని నాకు తెలియదు. చిన్నదొర నా ముఖం చూశాడు. ఆయన అనుమానం మనిషి కాదు. లారీ తీయించాడు.

ఇనుము కోసే మంట అంటించబోతుంటే, "ఆగండి, లోపల నా రుమాలు ఉండిపోయింది," అని దిగాను. అతను అక్కడ లేడని చూసుకోవాలి. పైనున్నవాళ్ళు చూడకుండా మూత లాగి దగ్గరికి వేశాను. చీకట్లో తడిమితే ఇసక, తాడు, తాడు పక్కన చిన్న మూట. పొద్దున అతను వెళ్ళాక వచ్చిన మూట. గుడ్డ మెత్తగా ఉంది. నూలు గుడ్డ. నా శాలువా అంచు. వేలితో కుట్టు తడిమాను, నా వైపే వాలి ఉంది, చివర రెండు ముళ్ళు. లోపల కొవ్వు. కొవ్వులో గట్టిగా, చిన్నగా.

ఆమెకి తెలుసు. నేనేం చేస్తానో నేను అనుకోకముందే తెలుసు. తనే దిగి, చెవులు మూసుకుపోయేదాకా కూర్చుని, ఈ మూట ఇటు పెట్టి, తిరిగెళ్ళి అటు వైపు మూత మీద ఏ వలల కుప్పో, ఏ లంగరు ఇనుమో దొర్లించి ఉంటుంది, అతను మనసు మార్చుకోకుండా. నేనైతే అదే చేసేదాన్ని.

చెవులు మూసుకుపోవడం మొదలైంది. ఇంకో నిమిషం కూర్చుంటే చాలు. కూర్చోవాలనిపించింది. దాన్ని ఇంకొక్కసారి చూడాలనిపించింది. దగ్గు వచ్చింది. మూత తోసుకుని పైకి లేచాను. ఉప్పు, ఎండ, లారీ.

"దొరికిందా?" అన్నాడు చిన్నదొర.

"దొరికింది. కొయ్యండి."

ఒరాజ్ ఎవత్తెతోనో లేచిపోయాడని ఊరంతా అనుకుంది. ఎవత్తె అయి ఉంటుందని రౌషన్ మెల్లిగా అడిగితే, "నాకంటే కాస్త ఒళ్ళున్న మనిషి" అన్నాను. చిన్నదొర నాతో ఏడాది మాట్లాడలేదు. అది న్యాయమే.

ఆ సాయంత్రం ఇంటికి వెళ్ళేసరికి అపా పెరట్లో కూర్చుని ఉంది. దూరంగా ఇనుము కోసే చప్పుడు ఆవిడకి వినిపించే ఉంటుంది. కొడుకు ఏడని అడగలేదు. నా చేతిలో మూట చూసింది.

"ఎంత ఎత్తుందే?" అంది.

నా నడుము దగ్గర చెయ్యి పెట్టి చూపించాను. తర్వాత ఇంకో రెండు వేళ్ళు పైకి జరిపాను. అపా ఆ చేతి వైపే చూస్తూ ఉండిపోయింది. నేను చెయ్యి దించలేదు, నొప్పి పుట్టేదాకా.

ఆ పన్ను దాచుకుందామని దారంతా అనుకున్నాను. ఆ పిల్లది నాకు మిగిలేది అదొక్కటే. కానీ దాచుకుంటే అక్కడ గట్టి పన్ను రాదు. వస్తుందో రాదో నాకేం తెలుసు, రాకపోతే మాత్రం నా వల్లే. అక్తోస్‌ని పిలిచాను. తోక ఊపుకుంటూ వచ్చింది. అరచేతిలో పెట్టి, "చెడ్డది తీసుకో, గట్టిది ఇవ్వు" అన్నాను.

అది వాసనైనా చూడకుండా మింగేసింది.